నియమమే తొండి అయితే? న్యాయమైన చట్టాలు ఎందుకు కావాలో ఆటలతో నేర్పే పద్ధతి

పిల్లలు ఆడుకునేచోట ఎవరైనా తప్పు చేస్తే వెంటనే వినిపించే మాట ‘తొండి’. న్యాయం అంటే ఏమిటని అడిగితే చెప్పలేని అయిదేళ్ల పిల్లకు కూడా తొండి ఎక్కడ జరిగిందో ఇట్టే తెలిసిపోతుంది. అయితే ఆ తెలివి ఒకచోట ఆగిపోతుంది. నియమం తప్పినవాడు తొండి చేశాడని అందరం ఒప్పుకుంటాం. అసలు ఆ నియమమే తొండి కావచ్చునన్న ఆలోచన పెద్దవాళ్లలో కూడా చాలామందికి రాదు. కొందరు చట్టం ఉంది కాబట్టి పాటించాలి, అంతే అనుకుంటారు. ఇంకొందరు చట్టాలన్నీ బలవంతుల కోసమేనని చేతులు దులుపుకుంటారు. ఈ రెండు రకాలవాళ్లకూ ఉపన్యాసం పనిచేయదని నా అనుభవం. చెడ్డ నియమం కింద ఓ పావుగంట కూర్చోబెట్టి, ఆ తర్వాత దాన్ని తిరగరాసే కలం వాళ్ల చేతికే ఇస్తే పనిచేస్తుంది.

ఇక్కడ చెప్పే ఆటలు హైస్కూల్ పిల్లల నుంచి పెద్దల దాకా ఎవరితోనైనా ఆడించవచ్చు. అన్నీ ఒకేరోజు ఆడించాలంటే మూడు గంటలు పడుతుంది. రెండు రోజులుగా విడదీస్తే ఇంకా మంచిది.

1. ముందు ఒక ప్రశ్న ఎంచుకోండి

‘న్యాయం గురించి నేర్పుతాను’ అని మొదలుపెడితే ఏదీ నేర్పలేం. ఈ పూట ఏ ఒక్క విషయం వాళ్లకు అనుభవంలోకి రావాలో ముందే కాగితం మీద రాసుకోండి.

ఏం ఎంచుకోవాలో తోచకపోతే అమెరికన్ న్యాయశాస్త్రవేత్త లాన్ ఫుల్లర్ 1964లో చేసిన పని సాయపడుతుంది. చట్టం చేయబోయి విఫలం కావడానికి ఎనిమిది దారులున్నాయని ఆయన చెప్పాడు. అసలు నియమాలే లేకుండా ఏ కేసుకు ఆ కేసు తోచినట్టు తీర్చడం, నియమం ఉన్నా జనానికి చెప్పకపోవడం, నిన్న చేసిన పనికి ఇవాళ చట్టం చేసి శిక్షించడం, అర్థం కాని మాటల్లో రాయడం, ఒకదానికొకటి విరుద్ధమైన నియమాలు పెట్టడం, మనిషికి సాధ్యం కానిది చేయమనడం, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటిగా మార్చడం, రాసింది ఒకటైతే అమలు మరొకటి కావడం. ఈ ఎనిమిదింటిలో ప్రతిదాన్నీ ఆటగా మార్చవచ్చు. అందుకే ఆటలు తయారుచేసేవాళ్లకు ఈ జాబితా ఇంత ఉపయోగం.

ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోండి. ఈ ఎనిమిదీ సరిచేసినా చట్టం న్యాయంగా ఉంటుందన్న హామీ లేదు. స్పష్టంగా రాసి, అందరికీ చదివి వినిపించి, తు.చ. తప్పకుండా అమలు చేసిన నియమం కూడా ఒక జట్టును తొక్కేయవచ్చు. అందుకే చాటు నియమం ఆట (4వ భాగం) ఒక్కటే ఆడించి ఆపకుండా, మూడు బల్లల ఆట (6వ భాగం) కూడా తప్పకుండా ఆడించండి.

2. సామాను, మనుషులు

పన్నెండు నుంచి ఇరవై నాలుగు మంది చాలు. మూడు రంగుల బిళ్లలు ఓ మూడు వందలు, మూడు గుడ్డ సంచులు, ఒక డబ్బా, పెద్ద కాగితాలు, గోడ గడియారం కావాలి. బిళ్లలు లేకపోతే అట్టముక్కలకు రంగు వేసుకోండి.

మీరు కాక మరొకరు కూడా ఉండాలి. ఆయన ఆట ఆడడు, ఆడించడు. ఎవరు ఏమన్నారో, ఎవరు ఎప్పుడు మాట్లాడటం మానేశారో మాటకు మాటగా రాసుకుంటాడు. ఈ మనిషి లేకుండా మొదలుపెట్టకండి. ఆట ముగిశాక ‘నేను అలా అనలేదు’ అన్న మాట తప్పకుండా వస్తుంది. అప్పుడు ఆ పుస్తకమే ఆధారం.

3. పంపకం ఆటతో మొదలుపెట్టండి

ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరికి పది బిళ్లలు ఇవ్వండి. తనకెన్ని, ఎదుటివారికెన్ని అన్నది ఆయనే చెప్పాలి. ఎదుటివారు సరే అంటే ఆ పంపకం ఖాయం. వద్దంటే ఇద్దరికీ సున్నా. బేరాలు లేవు, ఒక్క మాటే.

1982లో జర్మనీకి చెందిన వెర్నర్ గూత్, ఆయన సహచరులు ఈ ఆటను ప్రయోగంగా చేసి చూశారు. తర్వాత ఎన్నో దేశాల్లో దీన్ని మళ్లీ మళ్లీ చేశారు. లెక్క ప్రకారం చూస్తే ఒక్క బిళ్ల ఇచ్చినా తీసుకోవాలి, సున్నా కంటే ఒకటి నయం కదా. మనుషులు మాత్రం అలా చేయరు. మరీ తక్కువ ఇస్తే తమకు నష్టమైనా సరే చాలామంది వద్దంటారు. మీ గదిలోనూ ఒకరిద్దరైనా ఆ పని చేయవచ్చు. ఎందుకు వద్దన్నారో అప్పుడే అడగకండి.

ఇప్పుడు ఒక్క నియమం మార్చండి. ఎదుటివారికి వద్దనే హక్కు లేదు, ఇచ్చింది తీసుకోవాల్సిందే. అవే జతలు, అవే పది బిళ్లలు. రెండు సార్లూ వచ్చిన పంపకాలను బోర్డు మీద పక్కపక్కన రాయండి. రెండోసారి ఇచ్చినవి సాధారణంగా తగ్గుతాయి. కొందరు అప్పుడు కూడా సగం ఇస్తారు, వాళ్లనూ రాయండి.

మనుషులు మారలేదు, నియమం మారింది. ‘మంచివాళ్లు పాలిస్తే చాలు, చట్టాలెందుకు’ అని వాదించేవాళ్లకు ఆ రెండు వరసల అంకెలు చాలా చెబుతాయి. మీరు మాత్రం ఇప్పుడేమీ చెప్పకండి. కాగితం గోడకు అంటించి ముందుకు పొండి.

4. చాటు నియమం

అందరికీ పదేసి బిళ్లలు ఇవ్వండి. ఏదైనా తేలికైన పని చెప్పండి, ఉదాహరణకు పుట్టిన నెలల వరసలో నిలబడటం. ఆ పని జరుగుతుండగా మీరు మధ్యలో తిరుగుతూ, చేతులు కట్టుకున్న ప్రతివాళ్ల దగ్గరా ఒక బిళ్ల తీసుకోండి. కారణం చెప్పకండి. అడిగితే ‘నియమం ఉంది’ అనండి, అంతే.

అయిదు నిమిషాల్లో గది మారిపోవడం చూస్తారు. మొదట నవ్వుతారు. తర్వాత కారణం వెతుకుతారు: మాట్లాడినందుకా, నవ్వినందుకా, ఎడమవైపు నిలబడినందుకా? ఎవరికి వారు ఒక సిద్ధాంతం కట్టుకుని పక్కవాళ్లకు చెబుతారు. చివరికి కొందరు కదలడమే మానేస్తారు. చెప్పిన పని ఆగిపోతుంది. ఏది తప్పో తెలియనప్పుడు ఏదీ చేయకపోవడమే క్షేమమని ఒంటికి తెలిసిపోతుంది.

ఇప్పుడు నియమాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు పెట్టండి. వెంటనే గది తేలికపడుతుంది. అప్పుడు మరొకటి ప్రకటించండి: ‘ఇంతకుముందు నవ్విన వాళ్లందరూ రెండేసి బిళ్లలు ఇవ్వాలి.’ వెనక్కి వర్తించే చట్టం ఎంత అన్యాయమో చెప్పడానికి ఇక నిర్వచనం అవసరం ఉండదు. ఆ కేకల్లోనే ఉంటుంది.

ఇక్కడ రెండు నిమిషాలు చరిత్ర చెప్పడం బాగుంటుంది. రోమన్ చక్రవర్తి కాలిగులా కొత్త పన్నుల చట్టాన్ని జనం ఒత్తిడి మీద ప్రదర్శించాల్సి వచ్చినప్పుడు, ఎవరూ నకలు తీసుకోలేనంత చిన్న అక్షరాలతో ఇరుకైన చోట పెట్టించాడని ప్రాచీన చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. అదే రోమ్‌లో అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందు, క్రీ.పూ. 451-450 ప్రాంతంలో, చట్టాలను పన్నెండు ఫలకాల మీద రాసి బహిరంగంగా పెట్టారు. చట్టం ఉన్నతవర్గాల వారి నోట్లోనే ఉంటే తమకు రక్షణ లేదని సామాన్యులు పట్టుబట్టడంతో జరిగిన పని అది. ఆ ఫలకాల్లో ఉన్నదంతా న్యాయమేమీ కాదు. కానీ కంటికి కనిపించే నియమంతో వాదించవచ్చు. కనిపించనిదానితో వాదించలేం. చేతులు కట్టుకున్నందుకు బిళ్ల పోగొట్టుకున్న మనిషికి ఈ కథ చెబితే మనసుకు పడుతుంది. అంతకు ముందే చెబితే పడదు.

5. ఉమ్మడి డబ్బా (సమయం ఉంటేనే)

మీ బృందంలో ‘అసలు నియమాలే వద్దు, ఎవరి స్వేచ్ఛ వాళ్లది’ అనేవాళ్లుంటే ఇది ఆడించండి. నలుగురు చొప్పున కూర్చుంటారు, ఒక్కొక్కరికి పది బిళ్లలు. ఎవరు ఎన్ని డబ్బాలో వేస్తారో రహస్యం. డబ్బాలో పడినవాటిని మీరు రెట్టింపు చేసి నలుగురికీ సమానంగా పంచుతారు. అందరూ పదీ వేస్తే నలభై ఎనభై అవుతుంది, తలా ఇరవై వస్తాయి. ముగ్గురు వేసి ఒకరు దాచుకుంటే ముప్పై అరవై అవుతుంది, తలా పదిహేను. దాచుకున్నవాడి దగ్గర మాత్రం ఇరవై అయిదు ఉంటాయి. అయిదారు విడతలు ఆడేసరికి డబ్బా సాధారణంగా ఎండిపోతూ వస్తుంది. ఎర్నస్ట్ ఫెర్, సైమన్ గేఖ్టర్ అనే ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించిన ప్రయోగంలో కూడా చందాలు ఇలాగే పడిపోయాయి. వేయనివాళ్లకు జరిమానా విధించే వీలు ఇచ్చాక పెరిగాయి. మీరూ జరిమానా నియమం పెట్టి మరో మూడు విడతలు ఆడించి చూడండి. ఇది ‘చట్టం ఎందుకు’ అన్నదానికి జవాబు. ‘న్యాయమైన చట్టం ఎందుకు’ అన్నది వేరే ప్రశ్న, దాని కోసమే తర్వాతి ఆట.

6. అసలు ఆట: మూడు బల్లలు

బృందాన్ని మూడు బల్లల దగ్గర సమానంగా కూర్చోబెట్టండి. ఎర్ర బిళ్లకు 1, నీలానికి 5, పసుపుకు 10 మార్కులు. ప్రతి బల్లకూ ఒక సంచి. ఒక్కొక్కరూ చూడకుండా చెయ్యి పెట్టి అయిదు బిళ్లలు తీస్తారు. మొదటి బల్ల సంచిలో మీరు పసుపువి ఎక్కువ వేసి ఉంచుతారు. సంచులన్నీ ఒకటేనని మాత్రం అనకండి, ఆ విషయమే ఎత్తకండి. ఆడేవాళ్లతో అబద్ధమాడితే తర్వాత మీరు చెప్పే న్యాయం ఎవరూ వినరు.

ఒక్కో విడత అయిదు నిమిషాలు. ఎవరితోనైనా బిళ్లలు మార్చుకోవచ్చు, బేరమాడవచ్చు. ఒకే రంగువి నాలుగు చేర్చినవాళ్లకు అదనంగా 10 మార్కులు. ప్రతి విడత తర్వాత బల్లలవారీగా లెక్క బోర్డు మీద రాయండి, బిళ్లలు వెనక్కి తీసుకుని మళ్లీ తీయించండి.

రెండు విడతలయ్యాక ప్రకటించండి: ‘ఎక్కువ మార్కులు తెచ్చుకున్న బల్ల బాగా ఆడింది కాబట్టి, ఇకనుంచి నియమాలు వాళ్లే రాస్తారు. విడతకు రెండు.’ అంతే, మీరు పక్కకు తప్పుకోండి.

ఇక్కడ తొందరపడకండి, ఆట గుండెకాయ ఇదే. అధికారం వచ్చిన బల్ల తమ ఆధిక్యం నిలుపుకునే నియమాలు రాయడం చాలా తరచుగా జరుగుతుంది. ‘అడిగితే పసుపు బిళ్ల ఇచ్చి తీరాలి’, ‘మా బల్ల దగ్గరకు రావాలంటే ఒక బిళ్ల కట్టాలి’ వంటివి. వాళ్లు దుర్మార్గులు కారు. తాము తెలివితో గెలిచామని నిజంగానే నమ్ముతారు, సంచి సంగతి వాళ్లకు తెలియదు కదా. మిగతా బల్లలవాళ్లు మూడు దారుల్లో ఒకటి పడతారు. కొందరు ఆట మీద ఆసక్తి వదిలేసి కబుర్లు మొదలుపెడతారు. కొందరు దొంగచాటుగా బిళ్లలు దాస్తారు, అంటే తొండికి తొండితోనే జవాబు. కొందరు ఎదురు తిరుగుతారు. మీ సహాయకుడు ఇవన్నీ ఏ నిమిషంలో మొదలయ్యాయో రాసుకోవాలి.

మూడో విడతలోనో నాలుగో విడతలోనో ఏదో ఒక గొడవ వస్తుంది. ‘ఇతను నియమం తప్పాడు’ అని పాలించే బల్ల అంటుంది. తీర్పు కూడా ఆ బల్లకే అప్పగించండి. ఫిర్యాదు చేసినవాడే తీర్పరి అయితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే చాలు. కంచే చేను మేయడమంటే ఏమిటో ఆ రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఈ ఆట నమూనా నాది కాదు. 1969లో గ్యారీ షర్ట్స్ అనే అమెరికన్ రూపొందించిన ఆటలో గెలిచిన జట్టుకే నియమాలు రాసే అధికారం ఇవ్వడం ఉంది, నేను ఆ ఆలోచనను తేలిక చేసుకున్నాను. అంతకంటే చాలా ముందే, 1904లో, ఎలిజబెత్ మాగీ భూస్వాముల మీద ఒక బోర్డ్ ఆటకు పేటెంట్ పొందింది. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడితే మిగతావాళ్లు ఏమవుతారో ఆడేవాళ్లకే తెలియాలన్నది ఆమె కోరిక. స్థలాలు కొని, అద్దెలు గుంజి, ఎదుటివాళ్లను దివాలా తీయించే మోనోపొలీ ఆటకు తర్వాత ఆమె ఆటే మూలమైంది. ఆమె ఏది తప్పని చూపాలనుకుందో, అందులో గెలవడమే ఇవాళ సరదా అయింది. ఆడించి వదిలేస్తే, మాట్లాడుకోకపోతే, ఆట ఇలా తన అర్థాన్ని పోగొట్టుకుంటుంది.

7. ఎప్పుడు ఆపాలి

కోపం నియమం మీద ఉన్నంతవరకు సాగనివ్వండి. మనిషి మీదకు మళ్లిన క్షణంలో ఆపేయండి. ఎవరి కళ్లలోనైనా నీళ్లు తిరిగితే ఆపేయండి. టెన్షన్ తట్టుకోలేనివాళ్లు ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చని మొదట్లోనే చెప్పండి, నిజంగా లేచి వెళ్లినవాళ్లను ఆపకండి.

జట్లను ఎప్పుడూ చీటీలతోనే విడదీయండి. 1968లో జేన్ ఇలియట్ అనే అమెరికన్ ఉపాధ్యాయిని, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, తన తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి విడదీసి వివక్ష ఎలా ఉంటుందో చూపించింది. ఆ పాఠం ప్రపంచమంతా తెలిసింది, పిల్లలను అలా బాధపెట్టవచ్చా అన్న వాదన కూడా అప్పటినుంచీ సాగుతూనే ఉంది. మీరు దాన్ని అనుకరించకండి. రంగు, పుట్టుక, ఆడమగ, మార్కులు, చదువు ఇలాంటివేవీ జట్లకు ఆధారం కాకూడదు. బయట ఇప్పటికే ఆ దెబ్బ తింటున్న మనిషి మీ గదిలో ఉండి ఉండవచ్చు.

8. కూర్చుని మాట్లాడుకోవడం

ఆటకు ఎంతసేపు పట్టిందో దీనికి కనీసం అంతసేపు కేటాయించండి. మొదట్లో నేను ఆటకే సమయమంతా ఇచ్చి చివర్లో పది నిమిషాలు మిగిల్చేవాణ్ని. జనం కోపంతోనే ఇళ్లకు వెళ్లిపోయారు, పాఠం మాత్రం వెళ్లలేదు.

ముందుగా అందరినీ ఆటలోని పాత్రల నుంచి బయటికి తీసుకురండి. అందరూ బల్లలు వదిలి ఒకే వలయంగా కూర్చోవాలి, ఒకరినొకరు అసలు పేర్లతో పలకరించుకోవాలి. అప్పుడు సంచుల గుట్టు విప్పండి. మొదటి బల్లవాళ్ల ముఖాలు చూడండి. ‘మేం బాగా ఆడాం’ అన్న నమ్మకం కదిలే క్షణం అది, దాన్ని అవమానంగా మారనివ్వకండి. ‘ఆ కుర్చీలో ఎవరున్నా దాదాపు ఇలాగే రాసేవారు, సంచి నింపింది నేను’ అని మీరే చెప్పండి.

తర్వాత ప్రశ్నలు, ఈ వరసలోనే. ఏమనిపించింది? ఓడిన బల్లల వాళ్లు ముందు చెప్పాలి. ఏం జరిగింది? సహాయకుడు తన పుస్తకం చదువుతాడు. ఏ నియమం దగ్గర పాటించడం మానేశారు, ఎందుకు? బయట ఇలాంటిది ఎక్కడ చూశారు? ఈ చివరి ప్రశ్నకు జవాబులు వాళ్ల నోటి నుంచే రావాలి. మీరు ఒక్క ఉదాహరణ ఇచ్చినా అందరూ దాని చుట్టే తిరుగుతారు, పైగా మీ అభిప్రాయాన్ని రుద్దుతున్నారనుకుంటారు.

అన్నింటికంటే మూడో ప్రశ్న దగ్గర నిలవండి. బిళ్లలు దాచినవాళ్లు ఆ పని ఎందుకు చేశారో తామే వివరిస్తారు: ‘నియమం రాసినప్పుడు మమ్మల్ని అడగలేదు’, ‘పాటించినా పాటించకపోయినా ఓడిపోయేది మేమే.’ శిక్ష భయం ఒక్కటే చట్టాన్ని నిలబెట్టదని ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

9. తిరగరాయించండి, మళ్లీ ఆడించండి

చాలామంది చర్చతో ఆపేస్తారు. అక్కడ ఆగితే మిగిలేది నిరాశే. ఇప్పుడు ముగ్గురేసి కలిసేలా, ఒక్కో బల్ల నుంచి ఒకరు వచ్చేలా కొత్త జట్లు చేయండి. ఒక షరతు పెట్టండి: తర్వాతి ఆటలో ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో, ఎవరికి ఏ సంచి వస్తుందో తెలియదు. చీటీలు నియమాలు రాసిన తర్వాతే తీస్తాం. తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో చెప్పిన ఆలోచన ఇది. తాను సమాజంలో ఏ చోట పడతాడో తెలియని మనిషి రాసే నియమాలు ఎలా ఉంటాయి అని ఆయన అడిగాడు.

ప్రతి జట్టూ అయిదు నియమాలకు మించకుండా రాస్తుంది. రాసినవాటిని నాలుగు ప్రశ్నలతో పరీక్షించమనండి: వినగానే అర్థమవుతుందా? పాటించడం సాధ్యమా? తప్పారో లేదో ఎవరు తేలుస్తారు, ఆయన ఆ గొడవలో భాగస్వామి కాదుకదా? ఈ నియమం తప్పని తేలితే ఎలా మారుస్తాం? నాలుగో ప్రశ్నను దాదాపు అందరూ మరిచిపోతారు. తమ నియమాలు బాగున్నాయన్న ఉత్సాహంలో వాటిని మార్చే దారి మూసేస్తారు. అప్పుడు వాళ్ల చేతే మొదటి బల్ల నియమాలను మళ్లీ చదివించండి.

ఓటుతో ఒక నియమావళి ఎంచుకోండి, చీటీలు తీయండి, మూడు విడతలు ఆడండి. సంచుల్లో తేడా అలాగే ఉంచండి, ఈసారి అందరికీ తెలిసే. కొన్ని నియమాలు విఫలమవుతాయి. అన్నీ సమానంగా పంచేస్తే బేరమాడటానికి ఏమీ మిగలక ఆట చప్పబడిపోవచ్చు. అప్పుడు ఆపి సవరణ చేయనివ్వండి. సమానంగా ఉండటం, న్యాయంగా ఉండటం ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్న వాదన మొదలైతే మీరు నోరు విప్పకండి. నేను చూసిన మంచి చర్చలన్నీ ఈ చోటే పుట్టాయి.

10. ఆన్‌లైన్‌లో అయితే

పంపకం ఆట, ఉమ్మడి డబ్బా వీడియో కాల్‌లో బాగానే నడుస్తాయి, బిళ్లలకు బదులు ఒక షీట్‌లో అంకెలు వేసుకోవచ్చు. చాటు నియమం కుదరదు, ఎందుకంటే తెర వెనక మనిషి బిగుసుకుపోవడం కనిపించదు. మూడు బల్లలకు విడివిడి గదులు పెట్టండి, జట్టుకు నలుగురిని మించనివ్వకండి. ఒంటరిగా ఆడుకునే డిజిటల్ ఆటలూ ఉన్నాయి. అమెరికా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ 2009లో మొదలుపెట్టిన ఐసివిక్స్ అనే సంస్థ పిల్లల కోసం అలాంటివి తయారుచేస్తుంది. ప్రభుత్వం, కోర్టులు ఎలా పనిచేస్తాయో చెప్పడానికి అవి మంచివి. కానీ పక్కమనిషి రాసిన నియమం కింద నలిగిన అనుభవం ఒంటరి ఆటలో దొరకదు, చర్చకు మనుషులను కూర్చోబెట్టాల్సిందే.

11. మూడు వారాల తర్వాత

వాళ్లు రాసిన నియమావళి కాగితాన్ని దాచి ఉంచండి. మూడు వారాలకు మళ్లీ కలిసి, దాన్ని గోడకు అంటించి, రెండు ప్రశ్నలు అడగండి: ఇందులో ఇప్పుడు ఏది మారుస్తారు? ఈ మధ్య ఎక్కడైనా ఒక నియమం చూసి ‘ఇది ఎవరు రాశారు’ అని అడిగారా? జవాబులను అదే కాగితం కింద, తేదీతో సహా, వాళ్ల చేతిరాతలోనే రాయించుకోండి. తర్వాతి బృందానికి ఆట మొదలుపెట్టేముందు కాదు, తిరగరాయడం పూర్తయ్యాక ఆ కాగితం చూపించండి.